డూషేన్ వైద్యుని చరిత్రము

పక్షవాతముచే చేయి పడిపోయిన పెద్దలను మనలో అనేకులము చూచియుందుము. ఆ చేయి తమది కానట్లు వారి ఒడిలో పడియుండును. అన్నపు ముద్దనైనను ఎత్తజాలదు. ఇక అది చచ్చిన చేయియే యని యింటివారు ఆశ విడుతురు. అట్టి చేతి కండరములలో నింకను జీవము గలదని లోకమునకు చూపినవారిలో ముఖ్యుడగు గీయోమ్ డూషేన్ చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1806వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి బులోన్ అను రేవు పట్టణమున జన్మించెను. వీరి వంశమువారు ఓడలు నడపువారు. తండ్రి తన కుమారుని నావికుని చేయగోరెను గాని బాలునకు శాస్త్రములయందే మక్కువ. ఈయన పారిస్ నగరమున వైద్యవిద్య నేర్చి, 1831లో పట్టము పొంది, స్వస్థలమునకు మరలెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండున ఫారడే పండితుడు అయస్కాంతమువలన విద్యుత్తును పుట్టించు విధమును కనుగొనెను. ఆ విద్యుత్తే తరువాత డూషేనునకు పనిముట్టయ్యెను.

వివాహమైన రెండేండ్లకే భార్య ప్రసవానంతరము మరణించెను. లోకులు భర్తనే నిందించిరి. పసిబిడ్డను భార్య పుట్టింటివారు పెంచిరి. తండ్రియు కొడుకును మరల కలిసికొనుటకు అనేక సంవత్సరములు పట్టెను.

1842లో డూషేన్ పారిస్ చేరెను. అచ్చట ఏ ఆసుపత్రియందును ఆయనకు ఉద్యోగము లేదు. విద్యుద్యంత్రమును వెంటబెట్టుకొని ఆసుపత్రి వెంట ఆసుపత్రి తిరుగుచు, రోగుల మంచములకడ నిలిచి పరీక్షించుచుండెను. కొందరు వైద్యులు పరిహసించిరి, ఆయన మానలేదు.

అంతకుముందు విద్యుత్తును పంపుటకు కండరములలో సూదులు గ్రుచ్చుచుండిరి. డూషేన్ తడిపిన రెండు కొనలను చర్మముపై నుంచి, తాను కోరిన ఒక్క కండరమునే ముడుచుకొనజేసెను. ఈ పద్ధతిని 1855లో గ్రంథరూపమున ప్రకటించెను. నరము తెగినచో కండరము కొంతకాలమునకు విద్యుత్తునకు చలింపదనియు, మెదడునకు దెబ్బ తగిలి వచ్చిన పక్షవాతములో చలించుననియు ఆయన కనిపెట్టెను. అనగా రెండవ విధమున చెడినది కండరము కాదు. దానికి ఆజ్ఞ అందుటలేదు. వ్రేళ్ల కొనకణుపులను చాచునవి ముఖ్యముగా అరచేతిలోని చిన్న కండరములే యనియు ఆయన చూపెను.

ఆ విత్తనము వృథా పోలేదు. 1961లో లిబర్సన్ మొదలగువారు పక్షవాత రోగులు నడచునప్పుడు విద్యుత్తుచే పాదము లేచునట్లు చేసిరి. నేడు ముంజేతి వెనుక చిన్న పలకలు అంటించి, మణికట్టును వ్రేళ్లను ఎత్తు కండరములను కదలించుచున్నారు. అయితే యంత్రమొక్కటియే చాలదు. ప్రవాహము వచ్చునప్పుడు రోగియు చేయి తెరువ యత్నింపవలెను, దినదినము అభ్యసింపవలెను. అందరికిని పూర్ణస్వస్థత కలుగదు. కొందరికి కొంత చలనము మరల వచ్చును. గిన్నె పట్టుకొనగల చేయి యింటివారికి స్వల్పమైనది కాదు.

సుప్రసిద్ధుడగు షార్కో వైద్యుడు డూషేనును తన గురువుగా గౌరవించెను. తుదకు కలిసికొన్న కుమారుడు తండ్రికంటె ముందే గతించెను. 1875లో డూషేన్ మెదడులోని రక్తస్రావముచే మరణించెను. ఇతరుల పక్షవాతమును పరిశోధించినవాని ప్రాణమును అట్టి వ్యాధియే హరించెను.

విద్యార్థులారా, పదవి లేదని ఈయన పని మానలేదు. పడిపోయిన చేతిని చచ్చినదని విడువలేదు. మన యిండ్లలోను, మన వీధులలోను లోకము ఆశ విడిచినవారిని చూచునప్పుడు ఈ వైద్యుని స్మరింతము గాక.