పదకొండేళ్లు పట్టిన క్లీన్ చిట్

మీ పనిలో తప్పు జరిగిందని అందరూ అంటే మీరేం చేస్తారు? ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్న ఎదురైతే చాలామంది తడబడతారు. దీనికి తన జీవితంతోనే జవాబు చెప్పిన పైలట్ ఒకాయన ఉన్నారు. పేరు కెప్టెన్ జేమ్స్ థెయిన్. మీరు ఫుట్‌బాల్ చూసేవారైతే 1958 మ్యూనిక్ విమాన ప్రమాదం గురించి వినే ఉంటారు. ఆ విమానానికి కమాండర్ ఈయనే.

థెయిన్ బ్రిటన్ వైమానిక దళంలో సార్జెంట్‌గా మొదలుపెట్టి ఆఫీసర్ స్థాయికి ఎదిగారు. తర్వాత బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్‌లో కెప్టెన్ అయ్యారు. చూస్తే సాఫీగా సాగిపోతున్న కెరియరే.

ఆ మధ్యాహ్నం ఏమైంది?

1958 ఫిబ్రవరి 6. బెల్‌గ్రేడ్‌లో మ్యాచ్ ఆడిన మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ఇంటికి తిరిగొస్తోంది. రెండు ఇంజిన్ల ఎయిర్‌స్పీడ్ అంబాసడర్ విమానం ఇంధనం కోసం మ్యూనిక్‌లో దిగింది. అక్కడ మంచు కురుస్తోంది. పైలట్లు రెక్కల్ని చూసి, మంచు కరుగుతోందని, తీయించనక్కర్లేదని నిర్ణయించారు.

ఆ రోజు విమానం నడుపుతున్నది మరో కెప్టెన్ కెన్నెత్ రేమెంట్. ఆయన ఎడమ సీట్లో, థెయిన్ కుడి సీట్లో కూర్చున్నారు. ఇంజిన్ సరిగా పలకక రెండుసార్లు టేకాఫ్ ఆపేశారు. మూడోసారి వేగం 117 నాట్లకు, అంటే గంటకు దాదాపు 217 కిలోమీటర్లకు చేరింది. పైకి లేవడానికి ఇంకొంచెం చాలు. అంతలో అది ఉన్నట్టుండి 105 నాట్లకు పడిపోయింది. ఆపడానికి రన్‌వే మిగల్లేదు. విమానం కంచె దాటి ఓ ఇంటిని ఢీకొట్టింది. లోపలున్న 44 మందిలో 23 మంది చనిపోయారు. వారిలో 8 మంది ఆటగాళ్లు. రేమెంట్ కూడా కొన్ని వారాలకు ఆసుపత్రిలో కన్నుమూశారు. జవాబు చెప్పడానికి థెయిన్ ఒక్కరే మిగిలారు.

రెక్క మీద గరుకు ఎందుకంత ప్రమాదం?

జర్మనీ విచారణ తేల్చిందేమిటంటే, రెక్కల మీద మంచు పేరుకుపోవడం వల్లే ప్రమాదం జరిగిందని. ఆ ఆరోపణ ఎంత పెద్దదో తెలియాలంటే కొంచెం సైన్స్ తెలియాలి. నున్నటి రెక్క మీద గాలి అంటుకుని జారుతుంది కాబట్టే విమానం లేస్తుంది. గరుకు కాగితమంత పలుచని మంచు పొర ఉన్నా లిఫ్ట్ 30 శాతం దాకా తగ్గొచ్చు, గాలి నిరోధం 40 శాతం దాకా పెరగొచ్చు. సమస్య బరువు కాదు, గరుకుదనం. ముక్కు పైకెత్తగానే గాలి రెక్కను వదిలేస్తుంది. చిన్న విమానాలకు ఇది మరీ ప్రమాదం. వాటిలో చాలావాటికి రెక్కల్ని వేడిచేసే ఏర్పాటే ఉండదు, ఇంజిన్‌కు అదనపు శక్తీ తక్కువే.

కాబట్టి మంచు తీయించలేదంటే పైలట్‌దే తప్పు. పైగా కమాండర్ ఎడమ సీట్లో కూర్చోవాలన్న కంపెనీ నిబంధన కూడా తప్పింది. థెయిన్ ఉద్యోగం పోయింది. బెర్క్‌షైర్‌లో కోళ్లఫారం చూసుకుంటూ బతికారు.

వదల్లేదు

ఆయన కోపంతో ఆగిపోలేదు, ఆధారాల వెంట పడ్డారు. రెక్కలు తెల్లగా కనిపించిన ఫొటో ఒకటి ఆయనకు వ్యతిరేకంగా నిలిచింది. అసలు నెగెటివ్ తీసి చూస్తే అది మంచు కాదు, వెలుతురు పడి మెరిసిన రెక్క. మరి వేగం ఎందుకు పడిపోయింది? దమ్ము చేసిన మడిలో సైకిల్ తొక్కి చూడండి, తెలుస్తుంది. రన్‌వే చివరి భాగంలో మంచూ నీళ్లూ కలిసి జావలా తయారయ్యాయి. దీన్ని స్లష్ అంటారు. అదే చక్రాల్ని పట్టి లాగింది. ఇలాంటి విమానాలకు స్లష్ ఎంత ప్రమాదమో అప్పటికి సరిగా తెలియదు. తర్వాత జరిగిన పరీక్షలు దాన్ని బయటపెట్టాయి.

1968లో బ్రిటన్ మళ్లీ విచారణ జరిపింది. ప్రమాదానికి కారణం స్లష్ అనీ, థెయిన్‌ను నిందించలేమనీ 1969 జూన్‌లో ప్రకటించింది. పదకొండేళ్లు! బీఈఏ మాత్రం ఆయన్ను మళ్లీ తీసుకోలేదు. 1975లో, యాభై దాటిన కొద్ది ఏళ్లకే, గుండెపోటుతో చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాతే రన్‌వే మీద ఎంత లోతు స్లష్ ఉంటే టేకాఫ్ కాకూడదో పరిమితులు వచ్చాయి.

మీకేం పనికొస్తుంది?

పైలట్ శిక్షణకు అమెరికా, కెనడా వెళ్లాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. చలి ఉదయాన రెక్కను దూరం నుంచి చూస్తే చాలదు, చేత్తో తడిమి చూడాలి. అనుమానం ఉంటే ఆ రోజుకు ఎగరొద్దు.

మీరు బ్యాంకులో చేరినా, సాఫ్ట్‌వేర్‌లో చేరినా ఇదే వర్తిస్తుంది. చూశాం అనుకోవడం వేరు, చెక్ చేసి రాసి పెట్టడం వేరు. ఎవరి సీటు, ఎవరి బాధ్యత అన్నది పని మొదలుకాక ముందే తేల్చుకోండి. అన్నీ సరిగా చేసినా నింద పడొచ్చు. అప్పుడు గొంతు పెంచకండి, ఫైలు తెరవండి. థెయిన్‌కు చివరికి పేరు దక్కింది, ఉద్యోగం దక్కలేదు. మొదటి రోజు నుంచే కాగితం మీద పెట్టే అలవాటు ఉంటే, మీకు రెండూ నిలబడే అవకాశం ఎక్కువ.