బీరువా తాళాలు తీయించిన లెక్కల మాస్టారు

మన లైబ్రరీలో అరల మధ్య తిరిగి కావలసిన పుస్తకం నేనే తీసుకుంటున్నాను. ఈ స్వేచ్ఛకు ఇంతగా పాటుపడినవారు మన దేశంలో మరొకరు లేరేమో, ఎస్. ఆర్. రంగనాథన్ గారు.

1892లో తంజావూరు జిల్లా శియాళిలో పుట్టేరు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెబుతూ 1924లో యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యేరు. పాఠం చెప్పే మనిషికి ఆ నిశ్శబ్దం గిట్టలేదు. కొద్ది వారాలకే తిరిగి కాలేజీకి పంపెయ్యమన్నారట! పెద్దలు లండన్ పంపేరు. అక్కడ మామూలు జనం కూడా లైబ్రరీలను వాడుకునే తీరు చూసేక మనసు మారింది. 1925లో వచ్చి అరలు పాఠకులకు తెరిపించేరు. పుస్తకమున్నది వాడటానికేనన్నది 1931 నాటి ఆయన పంచసూత్రాల్లో మొదటిది. దొంగలు పడరా అంటారు. పోతే నాలుగు పోతాయి, తాళం వేస్తే అన్నీ పోయినట్టే కదా!

1948 మద్రాసు గ్రంథాలయ చట్టం ఆయన కృషి ఫలమే. అప్పటికి మన కోస్తా, సీమ జిల్లాలూ ఆ రాష్ట్రంలోవే. 1972లో బెంగుళూరులో కన్నుమూసేరు.

మొన్న ఇంటిదగ్గర ఓ పరిశోధన వ్యాసం తెరవబోతే డాలర్లు కట్టమంది. రాసింది ప్రభుత్వ జీతం తీసుకునే ఆచార్యులే! రంగనాథన్ గారి పంచసూత్రాల పుస్తకం మాత్రం ఇంటర్నెట్‌లో పైసా లేకుండా దొరికింది.