స్నేహం అడిగిన బిషప్: దోర్నకల్ అజరయ్య

దోర్నకల్ జంక్షన్ మీదుగా రైల్లో వెళ్లినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. సింగరేణి బొగ్గు గనుల వైపు లైను చీలే ఊరది. అక్కడొక పెద్ద చర్చి ఉంది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, రాతి స్తంభాలు చూస్తే మన గుడి మండపం గుర్తొస్తుంది. దాన్ని కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగువారు కారు. మన భాషను ముప్పై దాటాక నేర్చుకున్న తమిళులు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలో వెళ్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాస్టరు. వాళ్లది నాడార్ కులం. ఆ రోజుల్లో అక్కడి పెద్ద గుళ్లలోకి నాడార్లను రానిచ్చేవారు కాదు. దూరం పెట్టడమంటే ఏమిటో అజరయ్యకు పుస్తకాల్లో చదివి తెలుసుకునే అవసరం లేకపోయింది. మేఘ్ఞానపురం హాస్టలు బడిలో చదువుతున్నప్పుడే కుల భేదాలు పోగొట్టడానికి విద్యార్థుల సంఘం ఒకటి పెట్టడంలో ఆయన చెయ్యి ఉంది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివారు. చివరి పరీక్షల సమయానికి జబ్బుపడి డిగ్రీ అందుకోకుండానే బయటికొచ్చారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మార్కుల కాగితాలను ప్రాణంగా దాచుకునే మనబోటి వాళ్లకు ఈ సంగతి కొంచెం వింతగానే ఉంటుంది.

1895లో వై.ఎం.సి.ఎ.లో చేరారు. 1902లో జాఫ్నా వెళ్తే, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపడం కంటపడింది. తిరునల్వేలిలో అంత పెద్ద క్రైస్తవ సమాజం ఉండి కూడా ఎవరి గురించీ పట్టించుకోవడం లేదని ఆయనకు సిగ్గనిపించింది. మరుసటి ఏడాదే, 1903లో, భారతీయుల డబ్బుతో భారతీయులే నడిపే మిషనరీ సంఘం మొదలైంది. ఆ సంఘం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. ఇతరులను పంపి తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకు మనస్కరించలేదు. 1909లో ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తో, పిల్లలతో వచ్చేశారు. ముప్పై అయిదేళ్ల వయసులో అ ఆలు దిద్దారు.

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధులు వచ్చారు. ఆసియా నుంచి వెళ్లినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. తెల్ల మిషనరీలకూ భారతీయ పనివారికీ మధ్య సంబంధం గురించి మాట్లాడమని మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆయన్ని ప్రోత్సహించారు. అజరయ్య మెత్తగా మాట్లాడలేదు. ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేసినా మిషనరీ దొర ఇంట్లో భారతీయుడు ఒక్క పూట భోంచేసి ఎరగడని, కరచాలనం చెయ్యడానికి కూడా వెనకాడతారని చెప్పారు. వాళ్ల త్యాగాన్ని తక్కువ చెయ్యలేదు. డబ్బిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఒప్పుకున్నారు. కానీ యజమానుల్లా ఉన్నారు, మరీ మంచివాళ్లయితే తండ్రుల్లా ఉన్నారు. ఇవ్వనిది స్నేహం ఒక్కటే, మాకు కావలసింది అదే అన్నారు. సభ బిగుసుకుపోయింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు సీనియర్ మిషనరీలు నొచ్చుకున్నారు.

నాకు ఆ ప్రసంగం కన్నా దాని తర్వాతి ముప్పై నాలుగేళ్లే ముఖ్యంగా తోస్తాయి. పైవాళ్లను స్నేహం అడగడానికి ధైర్యం ఉంటే చాలు. కింద ఉన్నవాళ్లకు అదే స్నేహం ఇవ్వాలంటే ఆ ధైర్యం సరిపోదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని దోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. దీన్ని తెల్లవాళ్లు కొందరు వద్దన్నారు. సొంత తిరునల్వేలిలోనూ ఎదురు చెప్పినవాళ్లున్నారు.

దోర్నకల్‌లో చర్చిలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరంతా వాళ్లను దూరం పెట్టేది. వాళ్లలో వాళ్లు కూడా ఒకరినొకరు దూరం పెట్టుకునేవారు. ఒకరి ఇంట ఒకరు తినరు, పిల్లనివ్వరు, పుచ్చుకోరు. బాప్తిస్మం నీళ్లతో ఆ గీత చెరిగిపోలేదు. బిషప్ గారికి ఇది కొత్తేమీ కాదు. ఎడిన్‌బరోలో తాను వేలెత్తి చూపిన జబ్బే ఇక్కడ గుడిసెల మధ్య కనిపించింది. ఆ గీతను ఆయన ఒప్పుకోలేదు. ఆరాధనకు అందరూ కలిసి కూర్చోవాలి, ప్రభురాత్రి భోజనంలో ఒకే పాత్రలోంచి తాగాలి. ఈ విషయంలో ఆయన బెట్టు సడలించలేదు. అయినా ఆ పోరాటం ఆయన జీవితకాలంలో ముగిసిందని చెప్తే అబద్ధమవుతుంది. ఎడ్లబండి మీద పల్లె పల్లెకూ తిరిగి మురికి గురించి, అప్పుల గురించి, కల్లు గురించి మాట్లాడేవారు. బాప్తిస్మం పొందే కూలివాడి చేత, తన నెత్తిమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తనదేనని ఒప్పించేవారు. అంతవరకూ ఆ కూలివాడికి ఎవరూ ఏ బాధ్యతా అప్పగించి ఉండరు. మరియమ్మాళ్ ఆడవాళ్ల మధ్య పనిచేశారు.

1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు ఆయన వద్దన్నారు. కంచె కట్టుకుని కూర్చుంటే పక్కింటివాడికి దగ్గరయ్యేదెలా అని ఆయన బాధ. మతమార్పిడుల విషయంలో గాంధీజీతో విభేదించింది కూడా ఆయనే. అది వేరే పెద్ద కథ.

ఆ పెద్ద చర్చి ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. విదేశీ మిషన్ల తగవులను బట్టి మన పల్లె క్రైస్తవులు ముక్కలుగా విడిపోవడం ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత చర్చల్లో ముందు వరసలో నిలబడి, పాతికేళ్లు వాటిని వదలకుండా పట్టుకున్నారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. రెండేళ్లు దాటాక, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఆ రోజు ఒకే సంఘమయ్యారు.