రంగం ఓడల వెనక ఒక కిరాణా కొట్టు కుర్రాడు

మాది డొంకూరు. ఇచ్ఛాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఉంటుంది. హాస్టల్లో ఆ పేరు చెప్తే ఎవరైనా రెండోసారి అడుగుతారు. ఉద్దానం అంటే మాత్రం కొబ్బరి, జీడి, కిడ్నీ జబ్బు అని వెంటనే గుర్తుపడతారు. మా వాళ్ళది చేపల వేట. చిన్నప్పుడు కరెంటు పోతే మా మామ్మ నన్ను అరుగు మీద కూచోబెట్టుకుని వాళ్ళ తాత సంగతి చెప్పేది. ఆయన రంగం వెళ్ళాడట. పొగ ఓడ ఎక్కాడు, రెండుసార్లు తిరిగొచ్చాడు, మూడోసారి రాలేదు. కథ అంతే. రంగం అంటే రంగూన్ అని నాకు ఇంటర్‌కి వచ్చాక గానీ తెలీలేదు. అప్పటిదాకా ఏదో స్టేజీ నాటకం అనుకునేవాణ్ణి. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కదా, క్షమించెయ్యండి.

కిందటి సెమిస్టర్ సెలవుల్లో యూట్యూబ్‌లో ఒక వీడియో కనబడింది. స్కాట్లాండ్‌లో వేవర్లీ అనే పాత స్టీమర్. రెండు పక్కలా పెద్ద పెద్ద చక్రాలు, వాటికి తెడ్లలాంటి పలకలు. అవి నీళ్ళని తోస్తుంటే ఓడ ముందుకెళ్తుంది. డెక్ మీద పిల్లలు ఐస్‌క్రీమ్ తింటున్నారు, ముసలాళ్ళు కుర్చీల్లో కూచుని ఒడ్డు చూస్తున్నారు. పొద్దున్న ఎక్కి, తీరం వెంట తిరిగి, సాయంత్రానికి ఇంటికి. 1946లో నీళ్ళలోకి దించిన ఆ ఓడ సముద్రం మీద ప్రయాణికులతో తిరిగే తెడ్ల చక్రాల స్టీమర్లలో ప్రపంచంలోనే ఆఖరిదట. 1974లో దాన్ని ఒక్క పౌండుకి అమ్మేస్తే, పాత ఓడల మీద ప్రేమ ఉన్నవాళ్ళు కొనుక్కుని నడుపుతున్నారు.

అది ఆగే ఊళ్ళ పేర్లు వెతుకుతుంటే క్యాంప్‌బెల్‌టౌన్ అని ఒకటి తగిలింది. ఆ ఊరి గొప్పవాళ్ళ లిస్టులో విలియం మెకిన్నన్ పేరు ఉంది. ఎవరీయన అని క్లిక్ చేశా. మా మామ్మ తాత ఎక్కిన పొగ ఓడల కంపెనీ పెట్టినాయన! ఇక ఆగలేదు. సెలవులన్నీ ఆయనతోనే గడిచాయి.

మెకిన్నన్ 1823లో పుట్టాడు. క్యాంప్‌బెల్‌టౌన్ కూడా మా ఊరిలాగే ఒక మూలన ఉంటుంది, స్కాట్లాండ్‌కి పడమర కిన్‌టైర్ అనే పొడుగాటి భూమి కొసన. ఆయన పుట్టడానికి పదకొండేళ్ళ ముందు, 1812లో, హెన్రీ బెల్ అనే ఆయన క్లైడ్ నది మీద కామెట్ అనే చిన్న స్టీమర్ నడపడం మొదలుపెట్టాడు. బెల్‌కి హెలెన్స్‌బరో ఊళ్ళో ఒక హోటల్ ఉండేది. గ్లాస్గో జనాన్ని సముద్రపు గాలికి తన హోటల్ దాకా తీసుకురావడం ఆయన ఆలోచన. అంటే యూరప్‌లో జనాన్ని ఎక్కించుకుని బాగా నడిచిన మొదటి స్టీమర్ ఒక రకంగా టూరిస్టు బోటే. తర్వాత అది పెద్ద అలవాటైపోయింది. ఫ్యాక్టరీలకి జూలైలో సెలవులిస్తే గ్లాస్గో కూలీలు పెళ్ళాం పిల్లల్తో స్టీమరెక్కి తీరం ఊళ్ళకి పోయేవాళ్ళు. లండన్ వాళ్ళు థేమ్స్ మీదుగా మార్గేట్ పోయేవాళ్ళు. మెకిన్నన్ పెరిగింది ఆ పొగ గొట్టాలు చూస్తూనే.

ఆయనకి మాత్రం షికార్లకి తీరిక లేదు. ముందు సొంతూళ్ళో కిరాణా కొట్టులో పని. తర్వాత గ్లాస్గో వెళ్ళి పట్టు గుడ్డల గోడౌన్‌లో, ఆ మీదట తూర్పు దేశాలతో వ్యాపారం చేసే ఒక ఆఫీసులో. 1847లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో కలకత్తా వచ్చేశాడు. అక్కడ వాళ్ళ ఊరివాడే రాబర్ట్ మెకెంజీ అప్పటికే వ్యాపారంలో ఉన్నాడు (మన కైఫీయత్తుల మెకంజీ కాదు, వేరే ఆయన). ఇద్దరూ కలిసి మెకిన్నన్ మెకెంజీ కంపెనీ పెట్టారు. ఊరివాడు ఒకడు ముందు వెళ్ళి ఉంటే వాడి దగ్గరికి ఇంకొకడు వెళ్ళడం, ఈ పద్ధతి మా ఊళ్ళో నాకు బాగా తెలుసు. వెరావల్ బోట్లకి మావాళ్ళు వెళ్ళేది అలాగే.

1853లో మెకెంజీ ఆస్ట్రేలియా నుంచి వస్తుంటే ఓడ పగిలి మునిగి చనిపోయాడు. భాగస్వామిని సముద్రం మింగేసినా మెకిన్నన్ సముద్రాన్ని వదల్లేదు. 1852 యుద్ధంలో దిగువ బర్మా బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది. కలకత్తా నుంచి రంగూన్‌కి ఉత్తరాలు మోసే స్టీమర్లు కావాలని ఈస్టిండియా కంపెనీ అడిగింది. ఆ కాంట్రాక్టు దక్కించుకుని 1856లో కలకత్తా అండ్ బర్మా స్టీమ్ నావిగేషన్ కంపెనీ మొదలుపెట్టాడు. మొదట రెండంటే రెండే ఓడలు. మరుసటేడు తిరుగుబాటు వస్తే సిలోన్ నుంచి కలకత్తాకి తెల్ల సైనికుల్ని మోసి సర్కారు దగ్గర మంచి పేరు కొట్టేశాడు. 1862లో కంపెనీ పేరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్‌గా మారింది. జనం బి.ఐ. అనేవాళ్ళు.

ఆయన అసలు తెలివి ఎక్కడుందంటే, ఓడల్లో కన్నా టైమ్‌టేబుల్‌లో. తెరచాప ఓడలు మన తీరం నుంచి బర్మాకి అంతకుముందూ వెళ్ళేవి, కోరంగిలో ఓడలు కట్టేవాళ్ళు కూడా. కానీ వాటికి గాలి కలిసి రావాలి. బి.ఐ. స్టీమర్ చెప్పిన రోజుకి వచ్చేది. మెయిల్ కాంట్రాక్టు డబ్బు ఎలాగూ వస్తుంది కాబట్టి చిన్న రేవుల్లో కూడా ఆగేది: గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ. మా బ్రాంచి భాషలో చెప్పాలంటే తీరం మొత్తాన్ని ఒక నెట్‌వర్క్ చేశాడు.

అయితే మా తీరంలో ఓడ ఒడ్డుకి రాలేదు. హార్బర్ లేదు కదా. స్టీమర్ దూరంగా లంగరేసి నిలబడేది. ఒడ్డు నుంచి అక్కడిదాకా మనుషుల్నీ సరుకునీ చేర్చేది మసూలా పడవలు. వాటికి మేకులుండవు, చెక్కల్ని కొబ్బరి తాడుతో కుడతారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి విరిగిపోతుంది, కుట్టిన పడవ ఒంగుతుంది. నడిపేవాళ్ళు మావాళ్ళలాంటి మత్స్యకారులే. లండన్‌లో షేర్లు, గ్లాస్గోలో ఇంజన్లు, కానీ ఆఖరి అర మైలు మాత్రం కొబ్బరి తాడు మీద నడిచింది. ఇది చదివిన రోజు నాకు భలే గర్వం వేసింది.

ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఆ పడవలెక్కిన జనం షికారుకి పోలేదు. అప్పుడు మా ప్రాంతం మద్రాసు రాజ్యంలో గంజాం జిల్లా. 1866లో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. అవతల ఇరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేస్తున్నారు, 1869లో సూయజ్ కాలువ తెరిచాక బియ్యం గిరాకీ ఇంకా పెరిగింది. రైస్ మిల్లులకీ రేవు పనికీ కూలీలు కావాలి. మేస్త్రీలు ఊళ్ళలోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి మనుషుల్ని తీసుకెళ్ళేవాళ్ళు. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీ చేతిలోనే. రోజుల తరబడి ప్రయాణం, డెక్ మీదే పడక. ఎండా వానా అన్నీ అక్కడే. క్లైడ్ మీద అదే డెక్ టికెట్టు కొన్నవాడు గాలి కోసం కొన్నాడు.

బర్మాలో మనవాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. 1931 లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అందరి బతుకూ ఒకేలా లేదు. కోరంగి వైపు నుంచి వెళ్ళిన మల్లాడి సత్యలింగం నాయకర్ అక్కడ సంపాదించి, ఆస్తిని ధర్మానికి రాసేశారు. కాకినాడలో ఎం.ఎస్.ఎన్. చారిటీస్ ఆయనవే. కానీ 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో మనవాళ్ళు ఎంతోమంది చనిపోయారు. 1942లో జపాన్ వచ్చినప్పుడు ఓడల్లో చోటు దొరకక లక్షల మంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు. అందరూ చేరలేదు.

మెకిన్నన్ ఇవేవీ చూడలేదు. భక్తిపరుడు, చర్చి విషయంలో చాలా పట్టుదల మనిషి. పిల్లల్లేరు. డబ్బొచ్చాక సొంతూరి దగ్గర క్లాహన్‌లో బలినాకిల్ అనే పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. ముసలితనంలో తూర్పు ఆఫ్రికా మీద మనసు పడింది. 1888లో రాణి చార్టర్‌తో ఇంపీరియల్ బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా కంపెనీ పెట్టాడు. అది ఓడల వ్యాపారం లాంటిది కాదు, ఒక దేశాన్ని కంపెనీగా నడపడం. డబ్బు మంచినీళ్ళలా ఖర్చయింది, లాభం రాలేదు. 1893లో లండన్‌లో ఒక హోటల్లో చనిపోయాడు. రెండేళ్ళకి ఆ కంపెనీ భూముల్ని సర్కారే తీసుకుంది. ఆ 1890ల్లోనే మన తీరం వెంట రైలు పట్టాలు పడ్డాయి. చిన్న రేవులు మెల్లగా నిద్రపోయాయి. బారువలో లైట్‌హౌస్ ఒకటి మిగిలింది.

ఆయన్ని తిట్టాలా మెచ్చుకోవాలా అని చాలా రోజులు ఆలోచించా. కరువులో ఉన్నవాడికి ఆ ఓడ ఒక దారి, అది కాదనలేను. ఆ దారి ఎవరి లాభానికి వేశారో కూడా మర్చిపోలేను. ఆయనా పొట్ట చేత్తో పట్టుకుని సముద్రం దాటినవాడే. తేడా ఒక్కటే, ఆయన సమాధి క్లాహన్‌లో, సొంత మట్టిలో ఉంది.

ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా మామ్మకి చెప్పా. ఐస్‌క్రీమ్ ఓడ వీడియో కూడా చూపించా. సరదాకి ఓడెక్కడమేంటని నవ్వింది. తర్వాత, ఆ దొర దగ్గర ఓడెక్కినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయా అని అడిగింది. నేను చదివినవాటిలో ఓడల పేర్లు అన్నీ ఉన్నాయి. ఏది ఎక్కడ కట్టారు, ఎన్ని టన్నులు, ఏ సంవత్సరం మునిగింది, అన్నీ. గోపాలపూర్ దాకా నడిచెళ్ళి మసూలా పడవెక్కిన ఒక డొంకూరు మనిషి పేరు మాత్రం కనబడలేదు. ఆ మాట చెప్తే మామ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన పేరూ, ఆయన తండ్రి పేరూ మెల్లగా చెప్పింది. అన్నాళ్ళూ నేను అడగనేలేదు. ఫోన్‌లో టైప్ చెయ్యబోయి ఆగి, నోట్‌బుక్‌లో తెలుగులోనే రాసుకున్నా. ఒక ఒత్తు తప్పు పోయింది. దిద్దుకుని మళ్ళీ రాశా.