కొండ నీలిచిలుకల దారి చెప్పిన నబొకోవ్

కంది చేను పూతకు వచ్చిన రోజుల్లో పువ్వుల చుట్టూ తిరిగే చిన్న నీలి సీతాకోకచిలుకను మన పల్లెల్లో చూడనివారు అరుదు. బొటనవేలి గోరంత రెక్కలు. ఎగురుతున్నప్పుడు నీలం, వాలి రెక్కలు మూసుకుంటే బూడిదరంగు. దాని గొంగళిపురుగు కంది, అలసంద కాయలను తొలుస్తుంది గనుక రైతు దానిని చీడగానే ఎంచుతాడు. ఈ చిన్న ప్రాణికి దాయాదులు ప్రపంచమంతటా ఉన్నారు. హిమాలయాలలో ఉన్నారు, ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో ఉన్నారు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలపై నాలుగు వేల మీటర్లకు మించిన ఎత్తులో, రాత్రి మంచు గడ్డకట్టే పచ్చికబయళ్ళలో కూడా ఉన్నారు. వేళ్ళ మధ్య నలిగిపోయేటంత చిన్న ప్రాణి అంత దూరం ఎలా వెళ్ళింది? ఏ దారిన వెళ్ళింది?

ఈ ప్రశ్నకు 1945లో సమాధానం చెప్పిన వ్యక్తి ఆండీస్ పర్వతాలను జీవితంలో ఒక్కసారి కూడా చూడలేదు. జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవారు కారు. లోకం ఆయనను నవలాకారుడిగానే ఎరుగును. ఆయన పేరు వ్లాదిమిర్ నబొకోవ్.

1899 ఏప్రిల్‌లో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక సంపన్న కుటుంబంలో నబొకోవ్ జన్మించారు. తండ్రి న్యాయశాస్త్ర పండితుడు, జారు చక్రవర్తి నిరంకుశత్వాన్ని ఎదిరించిన ఉదారవాద రాజకీయ నాయకుడు. నగరానికి దక్షిణాన ఉన్న పల్లె బంగళాలో వేసవులు గడిచేవి. ఏడవ యేట ఆ బాలుడికి సీతాకోకచిలుకల పిచ్చి పట్టింది. తండ్రికీ అదే వ్యసనం. రాజకీయ కారణాలతో 1908లో తండ్రిని మూడు నెలలు చెరలో ఉంచినప్పుడు, కుమారుడు ఆయనకు అందించిన కానుక ఒక సీతాకోకచిలుక.

బాల్యంలోనే ఆయన ఒక రెక్కలపురుగును పట్టి, అది లోకానికి తెలియని జాతి అని నమ్మి, వర్ణన వ్రాసి ఇంగ్లండులోని ఒక కీటకశాస్త్ర పత్రికకు పంపారు. క్రెచ్‌మార్ అనే ఆయన దానిని ఎప్పుడో వర్ణించాడని పత్రికా సంపాదకుడి నుంచి జవాబు వచ్చింది. బాలుడు ఆ పేరును మరువలేదు. ఏళ్ళు గడిచాక తన నవలలో కళ్ళు పోగొట్టుకున్న ఒక పాత్రకు క్రెచ్‌మార్ అని పేరు పెట్టి ముచ్చట తీర్చుకున్నారు.

1917 విప్లవంతో ఆ సంపద అంతా ఒక్కసారిగా పోయింది. మేనమామ వీలునామా ద్వారా అంతకు ముందు సంవత్సరమే సంక్రమించిన ఎస్టేటు కూడా చేజారింది. కుటుంబం క్రిమియాకు చేరి, 1919లో అక్కడినుంచి ఓడ ఎక్కింది. పెట్టెలలో పేర్చుకున్న సీతాకోకచిలుకలు రష్యాలోనే మిగిలిపోయాయి. ఆయన మళ్ళీ ఆ నేలపై కాలు పెట్టలేదు. ఆ కల్లోలంలో కూడా క్రిమియా కొండలలో వల పట్టుకుని తిరిగారన్నది విశేషం. 1920లో వెలువడిన ఆయన తొలి శాస్త్రీయ వ్యాసం అక్కడి సీతాకోకచిలుకల గురించే.

కేంబ్రిడ్జిలో భాషా సాహిత్యాలు చదివారు. 1922లో బెర్లిన్ సభలో మరొక నాయకుడిపై జరిగిన కాల్పులను అడ్డుకోబోయి తండ్రి హతులయ్యారు. ఆ తరువాత పదిహేనేళ్ళ బెర్లిన్ జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు, టెన్నిస్ పాఠాలు చెప్పుకుంటూ రష్యన్‌లో నవలలు వ్రాయడంతో గడిచింది. 1925లో వేరాను వివాహమాడారు. ఒక నవలకు జర్మన్ ప్రచురణకర్తలు ఇచ్చిన సొమ్ము చేతికందగానే 1929లో దంపతులిద్దరూ పిరనీస్ పర్వతాలకు వెళ్ళి నెలల తరబడి సీతాకోకచిలుకలు పట్టారు. అప్పులున్న ఇంట్లో ఇది వివేకమా అని అడిగేవారు ఉండవచ్చు గాని, అటువంటి వివేకమే ఉండి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

వేరా యూదు వనిత. హిట్లర్ ఏలుబడిలో బెర్లిన్ నివాసం ప్రాణాపాయమైంది. 1937లో ఫ్రాన్సుకు, 1940 మేలో అక్కడినుంచి అమెరికాకు, ఆరేళ్ళ కుమారుడితో సహా బయలుదేరారు. వారు వెళ్ళిన కొద్ది వారాలకే జర్మన్ సైన్యం పారిస్‌లో ప్రవేశించింది. తప్పించుకోలేకపోయిన తమ్ముడు సెర్గీ 1945 జనవరిలో నాజీల నిర్బంధ శిబిరంలో మరణించారు.

అమెరికాలో ఆయనకు ఎదురైన కష్టం జీవనోపాధి ఒక్కటే కాదు. ఇరవై ఏళ్ళుగా వ్రాసిన భాషను చదివేవారు అక్కడ లేరు. రష్యన్‌ను పక్కన పెట్టి ఇంగ్లీషులో నవలలు వ్రాయడానికి పూనుకున్నారు. ఇంగ్లీషు చిన్ననాటి నుంచి వచ్చినదే అయినా, సొంత భాషను వదులుకోవడం తన అంతరంగంలోని దుఃఖమని ఆయన పలుమార్లు చెప్పుకున్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో, కచేరీలో మరొక భాషగా తరాలు గడిపిన మన సరిహద్దు కుటుంబాలకు ఈ దుఃఖాన్ని వివరించి చెప్పనక్కరలేదు.

ఆ సంధికాలంలోనే ఆయన శాస్త్రజీవితపు ఉత్తమ ఘట్టం ఆరంభమైంది. 1941 శరత్తులో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియంలో సీతాకోకచిలుకల పెట్టెలు అస్తవ్యస్తంగా ఉన్నాయని గమనించి, జీతం లేకుండా సర్దిపెడతానని ముందుకు వచ్చారు. మరుసటి సంవత్సరం స్వల్ప వేతనంతో పరిశోధకుడి పదవి లభించింది. 1948 వరకు ఆ గదే ఆయన లోకం. కొన్ని రోజులు పద్నాలుగు గంటల పాటు సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కూర్చునేవారు. ఆ పనితో చూపు శాశ్వతంగా దెబ్బతిన్నదని తరువాత చెప్పుకున్నారు గాని, ఆ సంవత్సరాలు తన జీవితంలో అత్యంత ఆనందకరమైనవని కూడా అన్నారు.

ఆయన ఎంచుకున్నది నీలిచిలుకల తెగ. ఇక్కడ వర్గీకరణ గురించి నాలుగు మాటలు అవసరం. శాస్త్రవేత్తలు ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు పెడతారు. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. మన తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వచ్చినట్లే. ఇంటిపేరు ఒకటైతే మూలపురుషుడు ఒకడని భావం. నీలిచిలుకలతో వచ్చిన చిక్కు ఏమిటంటే, రెక్కలు చూసి ఇంటిపేరు పెట్టడం సాధ్యం కాదు. ఏ సంబంధమూ లేని రెండు తెగలు ఒకే రంగులో ఉండవచ్చు. అన్నదమ్ములే వేరువేరు రంగులలో ఉండవచ్చు. అంతకు ముందువారు రంగును నమ్మి, దక్షిణ అమెరికా నీలిచిలుకలను ఇష్టం వచ్చినట్లు కలిపివేశారు.

నబొకోవ్ రెక్కలను దాటి లోపలికి వెళ్ళారు. మగ చిలుక జననాంగ నిర్మాణంలో కొక్కేల వంటి, పట్టకార్ల వంటి అతి సూక్ష్మమైన భాగాలు ఉంటాయి. ఆ భాగాల వంపులో, పొడవులో, కోణంలో ప్రజాతికి ప్రజాతికి ఖచ్చితమైన తేడాలు ఉంటాయి. వాటిని విడదీసి, కొలిచి, వెయ్యికి పైగా చిత్రాలు గీశారు. రెక్కపై పెంకు పలకలవలె పేర్చి ఉండే పొలుసుల వరుసలను లెక్కించి, ఏ మచ్చ ఏ వరుసలో ఉన్నదో చెప్పే పద్ధతిని రూపొందించారు. ఇంటి కప్పుపై పెంకులను వరుస వరుసగా ఎంచి, ఫలానా పెంకు ఇక్కడ ఉన్నదని చెప్పడం వంటి పని అది. ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు.

1945లో ప్రచురించిన వ్యాసంలో ఆయన దక్షిణ అమెరికా, కరీబియన్ దీవుల నీలిచిలుకలకు కొత్త ప్రజాతులు ఏర్పరచారు. సూడోలూసియా, పారాలైసైడిస్ అనే పేర్లు ఆయన పెట్టినవే. ఆధారం మ్యూజియంలోని కొద్దిపాటి ఎండిన నమూనాలు మాత్రమే. పేర్లతో ఆగి ఉంటే అది నిపుణులకు మాత్రమే పనికివచ్చే వ్యాసమయ్యేది. ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. కాలయంత్రం ఎక్కి లక్షల ఏళ్ళ వెనక్కు వెళ్ళి చూడమని పాఠకుణ్ణి ఆహ్వానించారు. ఆండీస్ నీలిచిలుకల పూర్వీకులు ఆసియాలో పుట్టాయని, ఆసియా అమెరికాలు నేలగా కలిసి ఉన్న బేరింగ్ ప్రాంతం మీదుగా అలాస్కాకు చేరాయని, తరతరాలుగా దక్షిణానికి జరుగుతూ చివరకు చిలీ దాకా వ్యాపించాయని ప్రతిపాదించారు. ఇది ఒక్కసారి జరిగిన వలస కాదు, కాలక్రమంలో ఐదు విడతలుగా జరిగిందని కూడా అన్నారు. మొదటి విడత వారి సంతతి ఆండీస్‌లో స్థిరపడగా, నడిచి వచ్చిన ఉత్తర దారిలో వారి జాడ చెరిగిపోయిందన్నది ఆయన వాదం. తరువాతి విడతలవారు ఉత్తర అమెరికాలోనే నిలిచిపోయారు.

ఈ ప్రతిపాదనను ఖండించినవారూ పెద్దగా లేరు, పట్టించుకున్నవారూ లేరు. ఖండఖండాంతరాలు చుట్టి వచ్చే కన్నా, పక్కనే ఉన్న అమెజాన్ అడవులలోని చిలుకలే ఆండీస్ పైకి లేచినప్పుడు వాటితో పాటు కొండలెక్కాయని అనుకోవడం సులభం కదా. పైగా చెప్పినది ఒక నవలాకారుడు.

1948లో ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయంలో సాహిత్యాచార్యులయ్యారు. మ్యూజియం పని ఆగింది గాని వల ఆగలేదు. ప్రతి వేసవిలో పశ్చిమాన ఉన్న రాకీ పర్వతాలకు ప్రయాణమే. ఆయనకు కారు నడపడం రాదు. వేరాయే నడిపేవారు. అంతకుముందు 1941 జూన్‌లో అలాంటి ఒక ప్రయాణంలో గ్రాండ్ కాన్యన్ లోయ వద్ద దొరికిన కొత్త చిలుకకు, ఆనాడు కారు నడిపిన విద్యార్థిని పేరే పెట్టారు. మ్యూజియంలోని మగ నమూనాలను మాత్రమే చూసి 1949లో తాను నామకరణం చేసిన ఒక కొండ నీలిచిలుకకు ఆడ జోడు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. 1951 వేసవిలో కొలరాడోలోని టెల్యురైడ్ అనే ఊరి పై కొండలలో దానిని స్వయంగా పట్టుకున్నారు. ఆ ప్రయాణాలలోనే విశ్రాంతి వేళల్లో వ్రాసిన నవల లొలీటా. 1955లో పారిస్‌లో, 1958లో అమెరికాలో వెలువడి పెద్ద దుమారం రేపిన ఆ నవల ఆయనకు కీర్తిని, ధనాన్ని తెచ్చిపెట్టింది. ఉద్యోగం మానుకుని, 1961 నుంచి స్విట్జర్లాండులోని మోంట్రో పట్టణంలో ఒక హోటల్ గదులలోనే నివసించారు. ఆల్ప్స్ పర్వతాలు దగ్గర కావడం అందుకు ఒక కారణం. 1975లో దావోస్ కొండలలో వల పట్టుకుని వెళ్తూ జారిపడ్డారు. అప్పటి నుంచి ఆరోగ్యం కుదుటపడలేదు. 1977 జూలై 2న మరణించారు. ఐరోపాలో చివరి ఏళ్ళలో సేకరించిన నాలుగు వేలకు పైగా నమూనాలు లొజాన్ నగరపు మ్యూజియంకు చేరాయి.

ఆయన చెప్పినవన్నీ నిలిచాయని అనడం సత్యదూరం. 1938లో ఫ్రాన్సు కొండలలో పట్టి కొత్త జాతిగా భావించినది రెండు జాతుల సంకరమని తరువాత తేలింది. రెక్కలపై అనుకరణ చిత్రాల విషయంలో డార్విన్ సిద్ధాంతాన్ని ఆయన పూర్తిగా అంగీకరించలేదు. ఆ విషయంలో శాస్త్రలోకం ఆయన వెంట నడవలేదు. కాని ఆండీస్ విషయం వేరు. 1980ల చివర నుంచి జాన్సన్, బాలింట్, బెన్యమీని అనే ముగ్గురు పరిశోధకులు ఆ కొండలలో విస్తృతంగా వెతికి డజన్ల కొద్దీ కొత్త జాతులను కనుగొన్నారు. వాటిని ఏ ఇంటిపేరు కింద చేర్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, కొద్దిపాటి నమూనాలతో నబొకోవ్ గీసిన హద్దులు చాలావరకు సరిగ్గా ఉన్నాయని గుర్తించారు.

వలస దారి సంగతి తేలడానికి మరికొంత కాలం పట్టింది. హార్వర్డ్‌లో ఒకప్పుడు నబొకోవ్ కూర్చున్న విభాగానికే అధిపతి అయిన నయోమీ పియర్స్, 1999లో ఆయన శతజయంతి ప్రదర్శన సిద్ధం చేస్తూ ఆ పాత ప్రతిపాదనను గమనించారు. పలుమార్లు ఆండీస్‌కు యాత్రలు సాగాయి. రోజర్ విలా తదితరులతో కలిసి ఆమె నీలిచిలుకల డి.ఎన్.ఎ.ను పోల్చి చూశారు. అమెజాన్ వాదం నిజమైతే ఆండీస్ చిలుకలకు దగ్గరి చుట్టాలు పొరుగు అడవిలో ఉండాలి. అక్కడ లేరు. చుట్టాలు ఆసియా వైపున ఉన్నారు. 2011లో ఫలితాలు ప్రచురితమయ్యాయి. వలసలు ఐదు. మొదటిది సుమారు 1.1 కోట్ల ఏళ్ళ క్రితం, చివరిది సుమారు 10 లక్షల ఏళ్ళ క్రితం. వరుస కూడా నబొకోవ్ చెప్పినట్లే ఉన్నది. మరొక సంగతి కూడా బయటపడింది. మొదట వచ్చిన తెగలు వెచ్చని వాతావరణానికి అలవాటుపడినవి, తరువాత వచ్చినవి అంతకంతకూ చలిని ఓర్చుకోగలిగినవి. ఆ కాలమంతా బేరింగ్ ప్రాంతం క్రమంగా చల్లబడుతూ వచ్చింది. అంటే ఏ కాలంలో ఎవరు దాటగలరో వాతావరణమే నిర్ణయించింది. ఈ చివరి సంగతి నబొకోవ్‌కు తెలిసే అవకాశం లేదు. మిగిలినది మాత్రం సూక్ష్మదర్శిని కింది కొక్కేలను చూసి చెప్పినదే.

నబొకోవ్ పెట్టిన పేర్లలో ఒకటి అంతకు ముందే వేరొక ప్రాణికి ఉన్నందున, 1960లో ఆండీస్ చిలుకల ప్రజాతి ఒకదానికి నబొకోవియా అని పేరు మార్చారు. తరువాతి పరిశోధకులు కొత్త జాతులకు ఆయన నవలలలోని పాత్రల పేర్లు పెట్టారు. పెరూలో ఒక నీలిచిలుక పేరు లొలీటా. ఆయన ఏర్పరచిన సూడోలూసియా ప్రజాతిలో, చిలీ దేశంలో ఎగిరే ఒక జాతికి 1993లో వేరా అని నామకరణం చేశారు. రాకీ పర్వతాల దారుల్లో ఏళ్ళ తరబడి కారు నడిపిన వేరా నబొకోవ్ అప్పటికి రెండేళ్ళ క్రితమే, 1991లో, కాలధర్మం చెందారు.