జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన తెలుగు ఇంజనీరు, పారిశ్రామికవేత్త, ఆవిష్కర్త. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన ఈయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. ఏ ఇంజనీరింగ్ పట్టా లేకుండా, యంత్రాలను విప్పి చూసి నేర్చుకున్న జ్ఞానంతోనే మోటారు వాహనాల రంగంలో పేరు గడించాడు.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఈయన పూర్వీకులు శతాబ్దాల క్రితం తెలుగు నేల నుండి వలస వెళ్ళి కొంగునాడులో స్థిరపడ్డారు. పసితనంలోనే తల్లి మరణించింది. బడి చదువుపై ఆసక్తి లేకపోవడంతో ప్రాథమిక స్థాయిలోనే చదువు మాని పొలం పనులకు వెళ్ళాడు.

మోటారు సైకిలు

ఒకసారి తమ గ్రామానికి వచ్చిన ఒక ఆంగ్లేయ అధికారి వద్ద రడ్జ్ మోటారు సైకిలును చూశాడు. గుర్రం గాని ఎద్దు గాని లేకుండా నడిచే ఆ బండి ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది. దానిని కొనడానికి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ సుమారు మూడేళ్ళు సొమ్ము కూడబెట్టాడు. చివరకు ఆ అధికారి నుండే బండి కొన్నాడు. కొన్న తరువాత దాని భాగాలన్నీ విడదీసి, ఒక్కొక్క దాని పని తెలుసుకొని, తిరిగి బిగించాడు. యంత్ర విద్యలో ఈయనకు ఇదే తొలి పాఠం. అనంతరం మెకానిక్కుగా పనిచేశాడు. పత్తి వ్యాపారంలో కొంత ధనం సంపాదించి, బొంబాయిలో దానిని పోగొట్టుకున్నాడు.

బస్సు రవాణా

స్టేన్స్ అను ఆంగ్లేయ వ్యాపారి సహాయంతో 1920లో ఒక బస్సు కొని, పొల్లాచి - పళని మధ్య తానే నడిపాడు. ఆ ఒక్క బస్సుతో మొదలైన సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) పేరుతో దేశంలోని సమర్థమైన బస్సు సంస్థలలో ఒకటిగా ఎదిగింది.

ఆ రోజులలో ఇంజను, గేరు పెట్టె, వెనుక ఇరుసు విదేశాల నుండి ఓడలలో దిగుమతి అయ్యేవి. వాటిని మోసే చాసిస్ మీద చెక్కతోను, రేకుతోను ఇక్కడ బాడీ కట్టేవారు. బస్సులకు రెండు చక్రాలను కలిపే ఒకే బిగువైన వెనుక ఇరుసు ఉండేది. ఒక చక్రం గోతిలో పడితే ఆ కుదుపు రెండవ దానికీ తగిలేది. మట్టి రోడ్లపై ఇరుసులు, కమాను పట్టీలు త్వరగా దెబ్బతినేవి. కొత్త భాగం రావడానికి చాలా కాలం పట్టేది కనుక, ఏ భాగాన్ని బాగుచేయవచ్చో, ఏది మరొక బండికి సరిపోతుందో తెలిసిన పనివాడే బస్సు యజమానికి ఆధారం. నాయుడుకు ఆ విద్య స్వయంగా తెలుసు.

ఆవిష్కరణలు

1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో విద్యుత్ మోటారును తయారు చేశాడు. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు ఇదేనని చెబుతారు. పొడి బ్యాటరీతో నడిచే రాసంట్ క్షురకం, పలుచని బ్లేడ్లు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్లరసం తీసే యంత్రం, మోసానికి తావులేని ఓటు యంత్రం ఈయన ఇతర ఆవిష్కరణలు. ఛాయాగ్రహణంపై మక్కువ గల నాయుడు 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో ఇద్దరు కూర్చోదగిన పెట్రోలు కారును సుమారు రెండు వేల రూపాయల ధరకు రూపొందించాడు. అయితే 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం ఉత్పత్తికి ప్రభుత్వ లైసెన్సు అవసరమైన కాలమది. ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో కారు తయారీ ఆగిపోయింది. అంతకు ముందు 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించాడు. సామాన్యునికి అందే ధర ఈయన తయారీలలో ముఖ్య లక్ష్యం. కారు విషయంలో నైపుణ్యం ఉన్నా, అనుమతి లేక ఆ లక్ష్యం నెరవేరలేదు.

విద్యారంగం

1944లో మోటారు వ్యాపారం నుండి తప్పుకొని దానధర్మాలపై దృష్టి పెట్టాడు. ఈయన విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. ఆ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. 1945లో నాయుడు దాని ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఇంజనీరింగ్ విద్యకు నాలుగేళ్ళు అనవసరమని, రెండేళ్ళు చాలునని ఈయన అభిప్రాయం. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు.

మరణానంతరం

నాయుడు 1974లో మరణించాడు. ఈయన సేకరించిన, తయారు చేసిన యంత్రాలు కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో ఉన్నాయి. అదే ఆవరణలో 2015లో పాత కార్ల మ్యూజియం ప్రారంభమైంది. మూడేళ్ళు కూడబెట్టి కొన్న బండిని విప్పి చూసిన కుర్రవాని కథ, యంత్రాల పని తెలుసుకోగోరే విద్యార్థులకు అక్కడ నేటికీ స్ఫూర్తినిస్తున్నది.