కథకు వ్యాకరణము వ్రాసిన ఉపాధ్యాయుడు

రాజకుమారుడు, రాక్షసుడు, మాయగుఱ్ఱము – ఇట్టి సామగ్రితో అల్లిన కథలు లోకమున కోకొల్లలు. పైకి వేర్వేరుగ తోచు ఈ కథల లోపలి కట్టడి యొక్కటియేనా? ఈ ప్రశ్నకు శాస్త్రీయముగ సమాధానము వెదకిన విద్వాంసుడు వ్లదీమిర్ ప్రాప్.

ఆయన 1895లో రష్యాదేశమున, సెంట్ పీటర్స్‌బర్గ్ నగరమునందు, జర్మను సంతతికి చెందిన కుటుంబమున జన్మించెను. అచటి విశ్వవిద్యాలయమున రష్యన్, జర్మను భాషాసాహిత్యముల నభ్యసించి, 1918లో చదువు ముగించి, పాఠశాలలో ఆ భాషలనే బోధించుచు జీవితము ప్రారంభించెను.

పందొమ్మిదవ శతాబ్దమున అఫనాస్యెవ్ సేకరించిన రష్యన్ జానపద కథలనుండి నూఱు అద్భుతకథలను ప్రాప్ పరిశీలనకు గైకొనెను. ఒక కథలో రాజు వీరునకు గ్రద్ద నొసగును. వేఱొకదానిలో ముసలివాడు గుఱ్ఱము నిచ్చును. మఱియొకదానిలో మాంత్రికుడు పడవ నిచ్చును. ఇచ్చువారు వేఱు, వస్తువులు వేఱు. కాని ప్రతి కథలోను వీరుడు ఆ సాయముతోనే పరరాజ్యము చేరును. పాత్రలు మారినను పని మారదని ఆయన గ్రహించెను. ఇట్టి పనులు మొత్తము 31 అనియు, అన్నియు ప్రతి కథలో లేకున్నను ఉన్నంతవఱకు ఒకే వరుసలో నడచుననియు, వానిని నిర్వహించు పాత్రలు 7 విధములనియు నిర్ణయించెను.

ఈ సిద్ధాంతమును వివరించు గ్రంథము 1928లో వెలువడెను. చెట్టునకు వేరు, కాండము, ఆకు లున్నట్లు కథకును అంగములు గలవని తలచి, అంగముల పొందికను తెలుపు స్వరూపశాస్త్రము పేరునే దానికి పెట్టెను. అయితే గ్రంథనామమున ఆయన ఉంచిన 'అద్భుత' అను విశేషణమును సంపాదకుడు తొలగించెను. ఆ ఒక్క మాట పోవుటచేత, ఆయన సకల కథలకును సూత్రము చెప్పెనని పలువురు భ్రమించిరి.

1958లో ఆంగ్లానువాదము వచ్చిన పిమ్మట గాని ఈ గ్రంథము పాశ్చాత్యదేశములలో విస్తృత ప్రచారము పొందలేదు. 1960లో ఫ్రెంచి పండితుడు లెవీస్ట్రాస్ దానిని మెచ్చుకొనుచునే, రూపముపై దృష్టి నిలిపి విషయమును విడిచెనని ఆక్షేపించెను. 1966లో ప్రాప్ ప్రత్యుత్తర మిచ్చుచు, తన సూత్రములు కథల పరిశీలననుండి పుట్టినవే యనియు, అవి అద్భుతకథలకే పరిమితములనియు స్పష్టపఱచెను. ఆ కథల చారిత్రక మూలములను 1946లోనే వేఱొక గ్రంథమున చర్చించితినని గుర్తుచేసెను.

1932 నుండి ఆయన తన జన్మనగరమునందలి విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగ పనిచేసి, ఆ నగరము లెనిన్‌గ్రాడ్ అని పిలువబడుచున్న కాలమున, 1970లో అచటనే కన్నుమూసెను.

నేడు నవలలను, చలనచిత్రములను సైతము ఆయన 31 పనులతో కొలుచువారు గలరు. కొలత పట్టుటకు ముందు, ఆ కొలబద్ద ఏ కథలనుండి పుట్టెనో విద్యార్థులు జ్ఞాపక ముంచుకొనవలెను. సూత్రమును కనుగొనుట యెంత గొప్పయో, దాని యెల్లను తానే చెప్పుట అంత గొప్ప.